సీటీ పది రోజులు బతకాలి

3 నవంబర్ 1936, మంగళవారం

ఈ రోజు బడికి ఆలస్యంగా వెళ్లాను. ఏడేళ్ల ఉద్యోగంలో ఇదే మొదటిసారి. హెడ్‌మాస్టరమ్మ గడియారం చూసి నన్ను చూశారు. కారణం చెబితే నవ్వుతారని తలనొప్పి అన్నాను. అసలు కారణం ఇక్కడ రాస్తున్నాను.

పొద్దున పాలు పితికే వేళ. మా ఇంటి యజమానురాలు చంద్రమ్మ పెద్ద బర్రె కింద కూర్చుని ఉంది. మా కుక్క సీటీ ఎప్పటిలాగే ఆమె పక్కన మూతి చాపుకుని నురగ కోసం కాచుకుంది. నేను మా గది గడప మీద జడ వేసుకుంటున్నాను. ఉన్నట్టుండి సీటీ పక్కకు ఒరిగింది. పడుకుంటోంది అనుకున్నాను. కాళ్లు నాలుగూ బిగుసుకున్నాయి, మెడ వెనక్కి తిరిగింది, పళ్లు టకటకమన్నాయి. పడ్డచోటే పరిగెత్తుతున్నట్టు కాళ్లు ఆడించింది. నోట్లోంచి నురగ. ఉచ్చ పోసేసింది. చంద్రమ్మ కంగారుగా లేచింది, బర్రె తన్నింది, పాలన్నీ పేడలో కలిశాయి.

ఎంతసేపు ఉందో తెలియదు. నాకైతే గంట అనిపించింది. తర్వాత లేచి గోడకు తల గుద్దుకుంది. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ మేం ఎవరమో దానికి తెలియలేదు. పావుగంటకు తోక ఊపింది. ఇక ఆకలి చూడాలి. నా రొట్టెలు రెండు, చంద్రమ్మ జొన్న గటక, గిన్నె అడుగు మాడు, అన్నీ ఊడ్చేసింది.

"గాలి సోకింది పంతులమ్మా" అంది చంద్రమ్మ. మా ఆయన రైల్వే డ్యూటీ దిగి వచ్చి అంతా విని "ఎలుకల మందు తిన్నదేమో" అన్నారు. రెండూ కావు. మందు తిన్న కుక్క లేచి రొట్టెలు అడగదు. గాలి సంగతి నేను మాట్లాడను. ఇది ఏమిటో నేను కనిపెడతాను. ఇంత ఉత్సాహం నాకు ఈ మధ్య దేనికీ రాలేదు, సిగ్గుగానే ఉంది కానీ నిజం.

4 నవంబర్

ఏమీ లేదు. సీటీ చక్కగా ఉంది. నేనే దాని వెనకాల తిరుగుతున్నాను, అది విసుక్కుని బర్రెల కిందికి పోయింది.

5 నవంబర్

ఏమీ లేదు. నాలుగో తరగతికి ఆరోగ్యశాస్త్రంలో మూఢనమ్మకాల పాఠం చెప్పాను. దిష్టి, దయ్యం, తాయెత్తు, అన్నిటినీ ఉతికి ఆరేశాను. గొంతు పోయింది.

8 నవంబర్, ఆదివారం

మళ్లీ వచ్చింది. ఈసారి నేను తయారుగా ఉన్నాను.

చర్చి నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్నాను. సీటీ పరుగెత్తుకొచ్చి నా మోకాళ్ల మధ్య తల దూర్చింది. ఊరికే మూతి నాక్కుంటోంది, మింగుతోంది, ఒళ్లు సన్నగా వణుకుతోంది. గది మూలలో ఏమీ లేని చోటుకు చూస్తోంది. ఇదే అనుకున్నాను. గోడ గడియారం చూశాను. పదీ ఇరవై. అంతలోనే పడింది. నేను గడియారాన్ని, కుక్కను మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాను. మూడు నిమిషాలకు కొంచెం తక్కువ. నాకు గంట అనిపించింది మూడు నిమిషాలన్నమాట. ముందే చెప్పి మరీ వస్తోంది! ఈ సంగతి మా లాల్‌దర్వాజా పేట మొత్తం మీద నా ఒక్కదానికే తెలుసు.

చంద్రమ్మ కొడవలి పట్టుకుని వచ్చింది.

"ఇనుము పట్టియ్యి పంతులమ్మా. మూర్ఛ ఇనుముకు దిగుతది."

"కుక్కకు చెయ్యేది అక్కా, పట్టుకోనీకి?"

"నోట్ల పెట్టు మరి. దిగుతది, నేను చూసిన."

నవ్వేశాను. అంతటితో ఊరుకోకుండా గురువారం చెప్పిన పాఠమంతా ఆమెకు అప్పజెప్పాను. ఇనుములో ఏముంటుంది, మూర్ఛకు ఇనుమేమైనా చుట్టమా అని. చంద్రమ్మ కొడవలి చూరులో గుచ్చేసి వెళ్లిపోయింది. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఏం. నేను చెప్పింది నిజమే కదా.

11 నవంబర్, బుధవారం

సీటీ నన్ను కరిచింది.

అదే రోజు, సాయంత్రం

ఎడమ చెయ్యి. బొటనవేలి కింద రెండు గాట్లు, అరచేతి వెనక ఒకటి. కుడి చెయ్యి కాకపోవడం దేవుని దయ. అప్పుడే ఇంటికి వచ్చిన మా ఆయనకు నెత్తురు చూసి ఏం చెయ్యాలో తోచలేదు. నేనే సబ్బుతో కడుక్కుని నేనే టాంగా పిలిచాను.

దవాఖానాలో డాక్టరు బొడ్డు పక్కన సూది వేశారు. రోజుకొకటి, మొత్తం పద్నాలుగట. కానీ కుక్కను చంపవద్దన్నారు. కట్టేసి చూడండి, పిచ్చికుక్క అయితే పది రోజుల్లోపు చస్తుంది, పదో రోజున కూడా తిని తిరుగుతూ ఉంటే అది పిచ్చిది కాదు, సూదులు ఆపేద్దాం అన్నారు. అంటే ఇరవై ఒకటో తారీఖు. సీటీ ఇరవై ఒకటి దాకా బతకాలి. అది బతికితే నేనూ బతికినట్టే.

నాకు భయం లేదు.

ఎలా కరిచిందో రాయాలి. మూడోసారి మూర్ఛ వచ్చింది, నేను దగ్గర ఉన్నాను, కరిచింది. ఆయన తాళాల గుత్తి నేల మీద పడి ఉంది. స్టేషన్ నుంచి వచ్చి ఎక్కడ పడితే అక్కడ పారేస్తారు, ఎన్నిసార్లు చెప్పినా అంతే.

12 నవంబర్

రెండో సూది. నిన్నటికంటే నొప్పి.

చంద్రమ్మ సలోత్రిని పిలిపించింది. బర్రెలకు ఆయనే వైద్యం చేస్తాడు, యూసుఫ్ సాబ్. గుర్రాల దవాఖానాలో పని చేసి పింఛను తీసుకున్న మనిషి. సీటీని చొప్ప గదిలో గుంజకు కట్టేశాం. ఆయన తలుపు దగ్గరే కూర్చుని చాలాసేపు చూశాడు. నీళ్ల గిన్నె జరిపాడు. తాగింది. రొట్టె వేశాడు. తిన్నది.

నేను మూడుసార్లు వచ్చిన మూర్ఛల గురించి చెప్పాను. వచ్చే ముందు ఎలా ఉంటుంది, ఎన్ని నిమిషాలు ఉంటుంది, తర్వాత ఎలా లేస్తుంది, అన్నీ. తారీఖులతో సహా చెప్పాను. ఆయన ముఖం వెలిగింది.

"సుబ్‌హానల్లా, నలభై ఏండ్ల నౌకరీల నాకు గిట్ల ఎవ్వరు చెప్పలే బేటీ. ఇది మూర్ఛ లెక్కనే ఉన్నది. మళ్ల వస్తే దగ్గర గుండ్లు, బొక్కెనలు ఉంటే జరుపు. తల కింద గోనెసంచి పెట్టు. ఒర్రకు, నీళ్లు చల్లకు, అదిమి పట్టకు. నోట్ల ఏం పెట్టకు. గడియారం చూసుకుంట ఊకె కూసో. అది దాని టైముకు అదే దిగుతది. అయిదు నిమిషాలు దాటినా, ఒకటెన్క ఒకటి వచ్చినా నాకు కబురు పంపు."

నాకు ప్రాణం లేచి వచ్చింది. అప్పుడడిగాడు.

"ఒక్కటి చెప్పు. పిచ్చి లేసిన కుక్క మీద పడి కరుస్తది. మూర్ఛల ఉన్నది కావాలని కరవది, దాని నోట్ల చెయ్యి పోతేనే దవడ పడ్తది. నువ్వు చెయ్యి పెట్టినవా, అది ఎగబడ్డదా?"

చంద్రమ్మ నా పక్కనే ఉంది. ఆమె తమ్ముడు వైకుంఠం వాకిట్లో నిలబడి వింటున్నాడు. వాడికీ బర్రెలున్నాయి పక్క గల్లీలో, అక్క దగ్గర వాడుకగా పాలు కొనేవాళ్ల మీద వాడికి ఎప్పుడూ ఒక కన్ను.

"ఎగబడ్డది" అన్నాను.

యూసుఫ్ సాబ్ సంచి మూసేశాడు. "అట్లయితే మూర్ఛ అని నేను చెప్పలేను. మూర్ఛకు మందున్నది నా దగ్గర, తేలేదాకా అది గూడ ఇయ్యలేను. పది దినాలు చూడుండ్రి. చెయ్యి దగ్గరికి తీసుకుపోవద్దు."

ఆయన వెళ్లగానే వైకుంఠం లొల్లి మొదలుపెట్టాడు. "పది దినాలేంది అక్కా? పాలోల్ల ఇంట్ల పిచ్చికుక్క ఉన్నదని ఎరుకైతే చుక్క పాలు ఎవడన్న కొంటడా? అది బర్రెను పట్టిందంటే? ఇప్పుడే తేల్చేస్త."

చంద్రమ్మ వాడిని తలుపు దగ్గరే ఆపింది. ఆ సీటీకి మూడేళ్లుగా నురగ పోసింది ఆమే. కానీ వాడు అన్నదీ నిజమే అని ఆమె ముఖంలో కనబడింది. చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. గల్లీలో ఎవరికీ చెప్పకూడదు. సీటీ చొప్ప గదిలోంచి బయటికి రాకూడదు. ఈ పది రోజుల్లో ఇంకొక్కసారి పడిందంటే అది పిచ్చే, వైకుంఠం కర్ర తీసుకుంటాడు.

మూడు నాలుగు రోజులకు ఒకసారి పడే కుక్క పది రోజులు పడకుండా ఎలా ఉంటుంది?

13 నవంబర్

మూడో సూది. బడిలో అడిగిన వాళ్లకల్లా పొయ్యి దగ్గర కాలిందని చెబుతున్నాను. అబద్ధాలు బాగానే వస్తున్నాయి నాకు.

ఈ ఇల్లు పోతే ఈ వైపు మాకు ఇల్లెవరిస్తారు? చర్చికి పోయేవాళ్లకు గది ఇవ్వడానికి చంద్రమ్మ ఒక్కతే ముందుకొచ్చింది, ఆరేళ్ల కింద. ఆమెతో గొడవ పెట్టుకోలేను. సీటీని వదులుకోలేను. కాబట్టి సీటీ పడినా ఎవరికీ తెలియకూడదు. అంతే, తేలిపోయింది.

14 నవంబర్

పహారా ఇలా వేశాం. పొద్దున బడికి పోయేదాకా నేను. రాత్రి డ్యూటీ ఉన్న రోజుల్లో పగలు మా ఆయన చొప్ప గదిలోనే పడుకుంటారు. సాయంత్రం మళ్లీ నేను. సీటీ చుట్టూ గోనెసంచులు పేర్చాను. బొక్కెన తీసేశాను. గడియారం గోడమీంచి దింపి చొప్పలో పెట్టాను. చంద్రమ్మ అడిగితే కీ పాడైందన్నాను.

సీటీ నన్ను చూడగానే తాడు తెగేలా గెంతుతోంది. కరిచిన సంగతి దానికి తెలియనే తెలియదు.

15 నవంబర్, ఆదివారం

పడింది! పడినా ఎవరికీ తెలియలేదు!

మూతి నాకడం మొదలుపెట్టగానే తలుపు మూశాను. వాకిట్లో చంద్రమ్మ, వైకుంఠం గిన్నెలు తోముతున్నారు. కాళ్లు చొప్పలో టపటపా కొట్టుకుంటే చప్పుడు బయటికి పోదూ? నేను కీర్తన అందుకున్నాను. గొంతెత్తి పాడాను. ఒక చరణం అయింది, రెండు అయ్యాయి, సీటీ ఇంకా కొట్టుకుంటూనే ఉంది, మూడోది మరిచిపోయి మొదటిదే మళ్లీ పాడాను. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. రెండు నిమిషాల నలభై సెకన్లు. ఏమీ ముట్టుకోలేదు. అదే దిగింది.

బయటికి వస్తే వైకుంఠం "ఏంది పంతులమ్మా, ఇయ్యాల మీ గుడి ఈడికే వచ్చిందా" అన్నాడు. నవ్వాను. కడుపులో అయిదు సూదుల నొప్పి ఉంది, అయినా ఇంత సంతోషంగా నవ్వి చాలా రోజులైంది.

16 నవంబర్

ఆరో సూది. సీటీ బాగుంది. ఇంకా అయిదు రోజులు.

17 నవంబర్

మా ఆయన అన్నం తింటూ, తల ఎత్తకుండా అన్నారు. "తాళాలకు సీటీ పండ్ల గుర్తులున్నయ్."

నేను పులుసు వడ్డించాను.

"నేనేం అడుగుతలేను" అన్నారు. "కని ఆ సలోత్రికి మందున్నది అంటివి. నువ్వు చెప్పకుంటే దానికి మందు రాదు. గంతే."

ఆయన పాయింట్స్‌మన్. డ్యూటీ అంతా రైళ్లను ఒక పట్టా మీంచి ఇంకో పట్టాకు మార్చే మనిషి. మాట్లాడేది తక్కువ. మాట్లాడినప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. ఈ సీటీని కూడా ఆయనే ఫలక్‌నుమాలో గూడ్సు బండి కింద నుంచి ఎత్తి, కోటు జేబులో వేసుకుని తెచ్చారు. బండి సీటీ కొడితే ఆ జేబులోంచి చెవులు బయటికొచ్చేవట, అందుకే ఆ పేరు. పేరు పెట్టింది ఆయన, సాకింది నేను.

రాసేస్తాను. ఎవరు చూడొచ్చారు.

పదకొండో తారీఖున మూర్ఛ మూడు నిమిషాలు దాటింది. నాలుగు దాటింది. దిగడం లేదు. సీటీ నాలుక నల్లబడుతోంది. ఇంట్లో ఎవరూ లేరు. నాకు భయం వేసింది, చాలా భయం వేసింది, చచ్చిపోతోంది అనుకున్నాను. ఇనుముకు దిగుతది, నేను చూసిన, అన్న చంద్రమ్మ మాట చెవిలో గింగిరాలు కొట్టింది. మేకుకు ఉన్న తాళాల గుత్తి లాగి దాని పళ్ల మధ్య కుక్కాను. పోలేదు. వేళ్లతో దవడ తెరిచి తోశాను. దవడ పడింది. దాని పన్ను ఒకటి విరిగింది. చెయ్యి నాదే, తప్పూ నాదే. తాళాలు ఆయన పారేయలేదు, మేకుకే ఉన్నాయి.

ఈ మాట సలోత్రి ముందు చెప్పడానికి నోరు రాలేదు. చంద్రమ్మ పక్కనే నిలబడి ఉంటే, ఆమెకు అంత పాఠం చెప్పిన నేను, ఏ ముఖంతో చెప్పేది?

ఎలాగూ ఇంకో నాలుగు రోజులే. సీటీ బతికితే చాలు, ఏదీ చెప్పక్కరలేదు.

18 నవంబర్, బుధవారం

అంతా చెప్పేశాను.

నాలుగున్నరకు బడి నుంచి వచ్చాను. మా ఆయన అప్పుడే డ్యూటీకి వెళ్లారు. చొప్ప గది తలుపు తీసేసరికి సీటీ మూతి నాక్కుంటోంది. సంచులు సర్దడానికి వంగాను. వెనక చంద్రమ్మ చొప్ప కోసం వచ్చి నిలబడింది. తలుపు వెయ్యడానికి లేదు, కీర్తన పాడటానికి లేదు. సీటీ పడిపోయింది.

"కదలకక్కా. చప్పుడు చెయ్యకు" అన్నాను.

చంద్రమ్మ నిజంగానే కదలలేదు. గోడకు ఆనుకుని చూస్తోంది. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. ఆమె చూపు గడియారం మీదికి, నా చేతుల మీదికి, కుక్క మీదికి తిరిగింది. దిగింది. సీటీ తూలుతూ లేచింది.

"కట్టేసినంక ఇది ఎన్నోసారి?" అంది చంద్రమ్మ.

"రెండోసారి."

"కీర్తన పాడిన నాడా?"

తల ఊపాను. అప్పటికే మా గొంతులు విని వైకుంఠం లోపలికి వచ్చాడు. చేతిలో బర్రెలను తోలే కర్ర. వాడికి ఎవరూ చెప్పక్కరలేదు, నురగ చూస్తే తెలుస్తుంది.

"జరుగు పంతులమ్మా. మాట అనుకున్నదే కద."

"అది పిచ్చిది కాదు వైకుంఠం."

"ఎగబడి కరిచిందని నువ్వే చెప్తివి. మళ్ల కాదంటవేంది?"

సీటీకి ఇంకా చూపు కుదురుకోలేదు. తాడు ఉన్నంత మేర నడిచి నడిచి వాడి కాలికే తల ఆనించింది. వాడు కర్ర ఎత్తాడు. నేను ఆ కర్ర పట్టుకున్నాను, కట్టు ఉన్న చేత్తోనే.

"ఎగబడలే. అబద్ధం చెప్పిన. నేనే దాని నోట్ల చెయ్యి పెట్టిన. ఇనుముకు దిగుతదని తాళాలు కుక్కిన. అది నన్ను కరవలే, నేనే కరిపిచ్చుకున్న."

తల కొట్టేసినట్టయింది. వైకుంఠం కర్ర దించి పెద్దగా నవ్వాడు. "బడిల పోరగాళ్లకు గిదేనా నువ్వు చెప్పేది?"

చంద్రమ్మ నవ్వలేదు. "ఇనుము పెట్టినంక దిగిందా?" అని అడిగింది.

"దిగలే అక్కా. ఇంక ఎక్కువ సేపే ఉన్నది. పన్ను ఇరిగింది దానిది."

"పన్ను ఇరిగిందా?" ఆమె చొప్ప మీద కూర్చుండిపోయింది. "మా ఎల్లమ్మకు రెండు ఇరిగినయ్. ముంగటియి."

"ఎల్లమ్మ ఎవరక్కా?"

"అక్కా, ఊకో" అన్నాడు వైకుంఠం.

"నా బిడ్డ" అంది చంద్రమ్మ.

ఆరేళ్లుగా ఈ ఇంట్లో ఉంటున్నాను. ఆమెకు పిల్లలు లేరనే అనుకున్నాను. అందరూ అలాగే అనుకుంటారు. ఎల్లమ్మకు ఎనిమిదో ఏట మూర్ఛ మొదలైందట. పడ్డప్పుడల్లా కొడవలో, గొళ్లెమో, ఏది చేతికందితే అది పళ్ల మధ్య పెట్టారు. దిగేది. ఇనుముకే దిగుతోంది అనుకున్నారు. పెదవి చీలింది, పళ్లు పోయాయి. దయ్యం పట్టిన పిల్ల ఉన్న ఇంట్లో పాలు ఎవరు పోయించుకుంటారని, ఎవరి కంటా పడకముందే షాద్‌నగర్ అవతల చంద్రమ్మ తల్లిగారింటికి పంపేసి, వీళ్లు ఈ గల్లీకి మారారట. ఇప్పుడు పదహారేళ్లు. ఏడాదికి ఒకసారి పోయి చూసి వస్తుంది. చెల్లెలి దగ్గరికి పోతున్నానని మాకు చెప్పేది.

"ఏం పెట్టకున్నా దిగుతదా?" మళ్లీ అడిగింది.

"దిగుతది. ఇప్పుడు నువ్వు చూస్తివి కద."

"చూసిన" అంది. సీటీ మూతి వైపు చూస్తూ, "ఎన్నిసార్లు పెట్టిన పంతులమ్మా" అంది.

ఆమె పక్కన కూర్చున్నాను. సీటీ వచ్చి ఇద్దరి మధ్యా దూరి రొట్టె కోసం నా కొంగు వాసన చూసింది. చంద్రమ్మ తమ్ముడి వైపు తిరిగి "కర్ర అవతల పెట్టు. పది దినాలు కానియ్" అంది. వాడు గొణుక్కుంటూ వెళ్లాడు.

19 నవంబర్

యూసుఫ్ సాబ్‌కు నేనే వెళ్లి చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. "ఆ దినమే చెప్తే ఆ మూగజీవికి ఒక్క ఫిట్టన్న తప్పుతుండె కద బేటీ" అన్నాడు, అంతే. కోప్పడినా బాగుండేది. నాతో ఇంటికి వచ్చి సీటీని చూసి బ్రోమైడ్ మందు ఇచ్చాడు, పొద్దున సాయంత్రం అన్నంలో కలిపి. కొంచెం మత్తుగా ఉంటుంది, భయపడకు అన్నాడు. పూర్తిగా పోతుందని చెప్పలేను, తగ్గుతుంది అన్నాడు.

దవాఖానాలో డాక్టరుకు కూడా చెప్పాను. ఆయన మాత్రం బాగా తిట్టారు. సూది ఆపలేదు. తొమ్మిదోది.

చంద్రమ్మ సలోత్రిని వాకిలి దాకా సాగనంపుతూ ఏదో అడిగింది. "మనిషికైనా గంతేనమ్మా, నోట్ల ఏం పెట్టొద్దు. కని మందు సంగతి నన్నడగకు, దవాఖానల పెద్ద డాక్టరుకు చూపెట్టాలె" అనడం వినబడింది.

20 నవంబర్

నాలుగో తరగతికి చెప్పాను. కట్టు విప్పి చూపించాను. పొయ్యి కాదు, కుక్క. కుక్క తప్పు కాదు, నాది. ముందు వరస పిల్ల లేచి, "మీకు తెలుసు కదా టీచర్, మరి ఎందుకు పెట్టినరు?" అంది. భయం వేస్తే తెలిసింది కూడా గుర్తుకు రాదమ్మా అన్నాను. ఆ తర్వాత ఏం చెయ్యాలో అందరితో మూడుసార్లు అనిపించాను.

21 నవంబర్, శనివారం

పదో రోజు!

తెల్లవారగానే చొప్ప గదికి పరుగెత్తాను. కొంచెం మత్తుగా, కొంచెం తూలుతూ, తోక ఊపుతూ బతికే ఉంది. నాకంటే ముందే చంద్రమ్మ అక్కడ ఉంది, గిన్నెలో నురగతో. డాక్టరు సూదులు ఆపేశారు. మా ఆయన మిఠాయి తెచ్చారు, చార్మినార్ దాకా నడిచి వెళ్లి. వైకుంఠం కూడా ఒకటి తిన్నాడు, ముఖం మాడ్చుకునే తిన్నాడు. నేను ఏడ్చాను, నవ్వాను, సీటీ తాడు నేనే విప్పాను. అది వాకిలంతా మూడు చుట్లు పరిగెత్తి పేడలో పొర్లింది. ఈ రోజుకు ఇంతకంటే రాయలేను.

24 నవంబర్

చంద్రమ్మ పొద్దున బండికి వెళ్లింది. ఎక్కడికని అడిగితే ఈసారి చెల్లెలి దగ్గరికని చెప్పలేదు. "ఎల్లమ్మను తోల్కొస్త" అంది. వైకుంఠం బర్రెల పాలు పితుకుతూ పొద్దంతా నన్నే తిడుతున్నాడు. వాడికి వినబడేలా కీర్తన పాడాను.

27 నవంబర్

వచ్చారు. పిల్ల పొడుగ్గా ఉంది, అచ్చం తల్లి. ఎవరు పలకరించినా తల దించుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. సోమవారం దవాఖానాకు నేనూ వెళ్తున్నాను వాళ్లతో. ఆమెకు ఎప్పుడెప్పుడు వస్తుంది, ముందు ఎలా ఉంటుంది, అడిగి కాగితం మీద రాసి పెట్టాను. మొదట్లో చెప్పలేదు. సీటీ సంగతి అంతా చెప్పాక, ఒక్కొక్కటే చెప్పింది. తనకూ ముందే తెలుస్తుందట. ఎవరూ అడగలేదట.

29 నవంబర్, ఆదివారం

పొద్దున పాలు పోసే వేళ చంద్రమ్మ ఎల్లమ్మను వాకిట్లో, అందరికీ కనబడేలా, తన పక్కన పీట వేసి కూర్చోబెట్టింది. కొలపాత్ర దాని చేతికే ఇచ్చింది. చర్చికి టైమవుతున్నా కదలలేకపోయాను.

మొదట వచ్చిన ఆమె పిల్ల ఎవరని అడిగింది. చంద్రమ్మ చెప్పింది. ఆమె ఇప్పుడే వస్తానని వెళ్లి మళ్లీ రాలేదు. రెండో ఇంటి వాళ్లకూ చెప్పింది. వాళ్లూ అంతే. గోడవతల వైకుంఠం నెత్తి కొట్టుకున్నాడు. ఎల్లమ్మ లేవబోయింది. తల్లి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

అప్పుడు సక్కుబాయి వచ్చింది. ఆరేడేళ్లుగా ఇక్కడే పాలు తీసుకుంటుంది. ఈమె నోట పడితే సాయంత్రానికి గల్లీ మొత్తం తెలుస్తుంది.

"ఎవరే చంద్రమ్మా, ఈ పిల్ల?"

"నా బిడ్డ. ఎల్లమ్మ. మూర్ఛ వస్తదని ఎనిమిదేండ్లు దాచిపెట్టిన. లోపల కుక్కకు గూడ వస్తది. అబద్ధం చెప్ప. పాలు కావాల్నంటే చెంబు పట్టు, వద్దంటే పో."

సక్కుబాయి చెంబు నడుముకు ఆనించుకుని పిల్లను చాలాసేపు చూసింది. చంద్రమ్మ కూడా ఆమెనే చూస్తోంది. నేను గడప పట్టుకుని నిలబడ్డాను. సక్కుబాయి చెంబు ముందుకు చాపింది, తల్లి వైపు కాదు, పిల్ల వైపు.

"జర నిండ పొయ్ బిడ్డా. మీ అమ్మ ఎన్నడు నిండ పోయదు" అంది.

ఎల్లమ్మకు నవ్వొచ్చింది. కొలపాత్ర కింద పెట్టి గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చంద్రమ్మ ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించింది.